నాలుగు మూలలా పసుపు

సోమవారం పంపిన కార్డు పనికిరాదని గురువారం హైదరాబాదు ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. "కార్డు మీద పసుపు ఉందండి. రక్తం చుక్కల్లోకి దిగిపోయింది. మళ్లీ శాంపిల్ పంపించాలండి" అంది అవతలి అమ్మాయి, మర్యాదగానే. సరేనన్నాను. కొవ్వూరులో మా ఇంట్లో ఆ సమయానికి వారం రోజుల మనవరాలు పాలు తాగుతోంది.

మా అమ్మాయికి మొదట పుట్టిన మగపిల్లవాడు ఐదో రోజున నిద్రలోనే పోయాడు. ఆకలికి ఏడవకుండా గంటలకొద్దీ పడుకుంటే బుద్ధిమంతుడని మెచ్చుకున్నాం. ఎందుకు పోయాడో ఎవరూ చెప్పలేకపోయారు. అందుకే ఈసారి రాజమండ్రిలోని పిల్లల డాక్టరు మూడో రోజునే మడమ మీద సూదితో గుచ్చి, మందపాటి కాగితం కార్డు మీది వలయాల్లో రక్తం చుక్కలు పట్టించారు. మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రం ఎండిన చుక్కలోని పదార్థాలను బరువును బట్టి విడదీసి, ఏది ఎంత ఉందో చెబుతుందట. కొందరు పిల్లల ఒంట్లో కొవ్వు శక్తిగా మారదు. ఎక్కువసేపు పాలు లేకపోతే ప్రాణం మీదికొస్తుంది. ముందే తెలిస్తే కాపాడుకోవచ్చన్నారు. ఫలితం వచ్చేదాకా రెండు గంటలకోసారి, నిద్రలో ఉన్నా సరే లేపి పాలు పట్టమన్నారు.

ఆ రోజు ఆదివారం. ఆసుపత్రికి కొరియర్ మనిషి రాడు కనుక, నీడలో ఆరబెట్టి మర్నాడు మీరే పంపండని నర్సు కార్డు నా చేతికిచ్చింది. ఇంట్లో బల్ల మీద పెట్టాను. మా ఇంట్లో శుభలేఖలకే కాదు, హాల్‌టికెట్లకూ ఉద్యోగం దరఖాస్తులకూ నాలుగు మూలలా పసుపు పెట్టకుండా మా ఆవిడ పంపదు. పురుడు కావడంతో దేవుడి గది తెరవకూడదు. వంటింట్లో పసుపే తడిపి పెట్టింది. కార్డు చిన్నది, తడి పాకింది. మూలలు పచ్చగా ఉండటం నేనూ చూశాను. ముప్పై ఏళ్లు పత్రికలో ఇతరుల రాతలు దిద్దినవాణ్ణి, కార్డు వెనక అచ్చువేసిన జాగ్రత్తలు చదవలేదు. కవరులో పెట్టి అంటించాను.

ఫోన్ సంగతి ఇంట్లో చెప్పాను. "పిల్ల పేరు మీద వెళ్లే మొదటి కాగితం కదండీ" అంది మా ఆవిడ.

"పెళ్లికి పిలుస్తున్నాం అనుకున్నావేంటమ్మా" అంది అమ్మాయి. కోపం తెచ్చుకునే ఓపిక కూడా దానికి లేదు. పాలకు లేపాలని, నిద్రపోతున్న పిల్ల అరికాలు గోకుతూనే ఉంది.

మర్నాడు వంతెన దాటి వెళ్లి రెండో కార్డు పట్టించాం. దాన్ని నర్సు తన దగ్గరే ఉంచుకుంది. వారానికి రిపోర్టు వచ్చింది. అన్నీ హద్దుల్లోనే ఉన్నాయి. మా ఆవిడ దండం పెట్టుకోబోయింది. డాక్టరు మాత్రం రిపోర్టు రెండుసార్లు చూశారు.

"సంతోషమేనండి. కానీ ఇలాంటి జబ్బుల్లో తేడా మొదటి మూడు నాలుగు రోజుల రక్తంలోనే బాగా కనిపిస్తుంది. పాలు బాగా తాగుతున్న పిల్లల్లో, జబ్బున్నా ఒక్కోసారి రిపోర్టు మామూలుగానే వచ్చేస్తుంది. దీన్నిబట్టి లేదని చెప్పలేను."

మూడో రోజు రక్తాన్ని మళ్లీ తీయలేం. జన్యుపరీక్షకు తల్లి రక్తం, తండ్రి రక్తం, పిల్ల రక్తం పంపారు. గడియారం చూసుకుని పాలు పట్టడం ఇంకా సాగుతోంది. మొన్నటితో పిల్లకు నెల నిండింది. ఆ రిపోర్టు ఇంకా రాలేదు.