గిద్యోను కోసం ఉపవాసం

జగ్గయ్యపేట బస్టాండు వెనక సందులో నా టైలరింగ్ షాపు ఉంది. అందులో ఒక అద్దం, నాలుగు మేకులు, ఒక పరదా ఉన్న ట్రయల్ రూము. ఈ చుట్టుపక్కల ఆడవాళ్ళందరికీ నిద్ర పట్టకుండా చేసిన ప్రేమకథ ఆ పరదా వెనకే పుట్టింది. కథ చెప్పింది జయమణక్క. ఆవిడ ఫోనులో రికార్డు చేసుకున్నంతసేపూ చప్పుడు కాకూడదని నేను మిషను ఆపుకుని కూర్చునేదాన్ని. రంజాన్ ముందు బట్టలు గుట్టలుగా పడి ఉన్నప్పుడు కూడా ఆపాను. ఎవరైనా గుర్తించారా? లేదు.

జయమణక్కది వత్సవాయి. పత్తి ఏరే కూలీల ఇంట్లో పుట్టి, డిగ్రీ చదివి, ఆర్టీసీలో కండక్టరయింది. నందిగామ రూటులో ఆవిడ 'రైట్' అని అరిస్తే బస్సే కాదు, వెనకొచ్చే ఆటో కూడా కదులుతుంది. నలభై నాలుగేళ్ళొచ్చాయి, పెళ్ళి కాలేదు. ఆదివారాలు సండే స్కూలు పిల్లలకి కథలు చెప్పేది. పిల్లల్ని తీసుకెళ్ళడానికొచ్చిన తల్లులు అక్కడే చతికిలబడి వింటుంటే, "మీకు వేరే చెప్తాలే, లేవండి" అని వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆడియోలు పెట్టడం మొదలుపెట్టింది. డ్యూటీ దిగి, చీర మీద ఖాకీ చొక్కాతోనే నా పరదా వెనక్కి దూరేది. లోపల్నుంచి వినపడే గొంతు మాత్రం బస్సులో అరిచే మనిషిది కాదు. అంత మెత్తని గొంతు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచిందో!

కథ రెండు కాలాల్లో నడిచేది. ఒకటి రెండో ప్రపంచయుద్ధం నాటిది. నందిగామలో సలోమి అనే అమ్మాయి, ఆమెను ప్రేమించిన గిద్యోను. చర్చిలో పెళ్ళి ప్రకటన చదివించేలోపే అతను పట్టాళంలో చేరి, గాయపడ్డవాళ్ళని మోసే పని మీద బర్మా వెళ్ళిపోయాడు. కబురు లేదు. సలోమి రోజూ మోకాళ్ళ మీద అతని కోసం ప్రార్థన చేస్తుంది. రెండో కథ ఇప్పటిది. సలోమి మనవరాలు లీదియ నందిగామలో టీచరు. ఆమెను చేసుకుంటానని ఒక టిప్పర్ డ్రైవరు అడుగుతాడు. ఆమె ఔననదు, కాదనదు. మరి ఈ లీదియకి తాత ఎవరు? గిద్యోను తిరిగొచ్చాడా, సలోమి ఇంకొకర్ని చేసుకుందా? అది మాత్రం జయమణక్క చెప్పేది కాదు. సరిగ్గా అక్కడికొచ్చేసరికి "దేవుడు మిమ్మల్ని దీవించును గాక" అని ఫోను నొక్కేసేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ అయిన దగ్గర్నుంచి కథ కూడా బస్సెక్కింది. చిల్లకల్లు దాటేలోపు ఏ సీటులో చూసినా గిద్యోనే. జయమణక్క టికెట్లు కొడుతూ తన గొంతు తనే వింటూ సిగ్గుతో చచ్చిపోయేది.

ఇక టిప్పర్ డ్రైవరు ఎవరో ఊరందరికీ తెలుసు. నెహెమ్యాగారు సున్నపురాయి క్వారీలో టిప్పర్ నడుపుతారు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. నెమ్మదైన మనిషి, చర్చిలో డోలక్ వాయించేటప్పుడు తప్ప చప్పుడే చెయ్యరు. పాస్టరమ్మగారి ద్వారా జయమణక్కని పెళ్ళికి అడిగించారు. ఈవిడ ఇచ్చిన జవాబు వింటే మీకూ ఒళ్ళు మండుతుంది.

"కథ అయిపోయాక చెప్తానన్నానని చెప్పండి."

నాకు మాత్రం నా షాపులోనే అసలు సంగతి చెప్పింది. వయసులో ఉన్నప్పుడు ఆవిడకీ ఒక సిపాయితో మాట ఖాయమైంది. అతను కాశ్మీరు వెళ్ళాడు. ఈవిడ మూడేళ్ళు ఎదురుచూసింది. అతను యుద్ధంలో పోలేదు, ఏమీ లేదు. అక్కడే ఎవరినో చేసుకుని సుఖంగా ఉన్నాడు.

"గిద్యోను రాడు రమీజా. బర్మాలోనే పోతాడు. సలోమి వేరే ఆయన్ని చేసుకుని సర్దుకుంటది. ఎదురుచూస్తే వస్తారనేది వట్టి మాట."

"మరి నెహెమ్యాగారు?"

"ఆయనకీ అదే జవాబు. నాకు ధైర్యం లేదు."

ఈ రహస్యం నాకొక్కదానికే తెలుసు. కడుపులో దాచుకోలేక చచ్చాను.

అప్పుడు జరిగింది అసలు విషయం. శుక్రవారం మా ఊరి చర్చి ఉపవాస ప్రార్థనలో ప్రార్థన మనవులు చెప్పమన్నారట. ఒకరు మోకాళ్ళ నొప్పులన్నారు, ఒకరు కొడుకు ఉద్యోగమన్నారు. హన్నమ్మ మామ్మ, ఎనభై దాటిన మనిషి, లేచి నిలబడి, "బర్మాలో ఉన్న గిద్యోను క్షేమంగా ఇంటికి రావాలని ప్రార్థన చెయ్యండి" అంది. ఒక్కరైనా నవ్వాలా వద్దా? నవ్వలేదు. అందరూ కళ్ళు మూసుకుని "ఆమెన్" అన్నారు!

జయమణక్క పరిగెత్తుకుంటూ నా దగ్గరికొచ్చింది. "కొంప మునిగింది రమీజా! నేను చంపబోయే మనిషి కోసం వీళ్ళు ఉపవాసం ఉంటున్నారు!"

తరువాతి వారానికి మనవి నందిగామ చర్చి సంఘానికి పాకింది. అక్కణ్ణుంచి కీసర. కీసరలో మొదటి ఆడియోలు విననివాళ్ళు గిద్యోను ఇప్పుడే బోర్డర్లో ఉన్న జవాననుకున్నారు. వాళ్ళ పాస్టరుగారు మన పాస్టరుగారికి ఫోను చేసి, "ఆ అబ్బాయి తల్లిదండ్రులు ఎక్కడుంటారండీ, పలకరించి వస్తాం" అన్నారట. మన పాస్టరుగారు ఏం చెప్పాలో తెలియక, వాళ్ళు ప్రభువు దగ్గరున్నారని చెప్పారు. నేనూ ఇంట్లో నమాజు తరువాత గిద్యోను కోసం దువా చేశాను. నవ్వుకోండి, నాకేం.

అందరికంటే గట్టిగా ఉపవాసం ఉన్నది నెహెమ్యాగారే. శుక్రవారాలు మధ్యాహ్నం క్యారేజీ ముట్టకుండా టిప్పర్ నడిపేవారు. ఒక రోజు ప్యాంటు నడుము బిగించమని తెచ్చి, నేల చూపులు చూస్తూ అడిగారు.

"రమీజమ్మా, గిద్యోను సంగతి ఏమన్నా తెలిసిందామ్మా?"

"నాకేం తెలుసండీ. మీరు మాత్రం అన్నం తినండి. ఈ ప్యాంటు ఇంకా బిగించటానికి గుడ్డ అడ్డమొస్తంది."

ఇక ఆఖరి భాగం. దాన్ని ఆడియోలో పెట్టొద్దు, నందిగామ చర్చిలో స్త్రీల కూడికలో అందరి ముందూ చెప్పాలని ఆడవాళ్ళంతా పట్టుబట్టారు. ముందు రోజు సాయంత్రం జయమణక్క పరదా వెనక చెప్పి చూసుకుంటోంది. సలోమి తలుపు తీస్తుంది. గడప ముందు పట్టాళం బట్టల్లో ఒక మనిషి. అతను గిద్యోను స్నేహితుడు. చావు కబురు తెచ్చాడు. నేను మిషను మీద తల పెట్టుకుని ఏడుస్తున్నాను. అప్పుడే హన్నమ్మ మామ్మ జాకెట్టు కోసం వచ్చి గుమ్మంలో నిలబడింది.

జయమణక్క బయటికొచ్చి కంగారు పడింది. "మామ్మా, గిద్యోను కథలో మనిషే. నిజంగా లేడు. నువ్వు ఆకలితో ఉండబాక."

"కథని నాకు తెలవదంటే?" అంది మామ్మ, కాస్త కోపంగానే. "మా నాన్న నేను అమ్మ కడుపులో ఉండగా బర్మా యుద్ధానికి పోయాడు. రాలా. చచ్చిపోయాడనీ చెప్పలా, బతికాడనీ చెప్పలా. నేనాయన్ని చూడనన్నా చూళ్ళేదు. ఈ గిద్యోనన్నా రానీయమ్మాయ్."

జాకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది. జయమణక్క బల్ల మీద కూలబడింది.

"చూశావా, వాళ్ళ నాన్న రాలా. అంత పెద్దావిడకి అబద్ధం ఎట్టా చెప్పమంటావ్?"

నాకు కోపం ఆగలేదు. "ఆవిడకి నిజం కొత్తా అక్కా? పుట్టినకాడ్నుంచి మోస్తానే ఉంది. నిన్ను అడిగింది నిజం కాదు. నువ్వు భయపడతంది కూడా ఆవిడ కోసం కాదు, నీ కోసం!"

సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. పోతే పోనీ అనుకున్నాను.

మర్నాడు షాపు మూసేసి నందిగామ వెళ్ళాను. చర్చి నిండిపోయింది. జగ్గయ్యపేట, వత్సవాయి, కీసర, ఎక్కడెక్కడి ఆడవాళ్ళో కిటికీల బయట కూడా నిలబడ్డారు. హన్నమ్మ మామ్మ ముందు వరసలో. మైకు సర్దడానికొచ్చిన నెహెమ్యాగారు పని అయిపోయినా పోకుండా గుమ్మం దగ్గర ఒదిగి నిలబడ్డారు. ఆడవాళ్ళ కూడికలో మగవాళ్ళకేం పని అని ఎవరూ అనలేదు.

జయమణక్క చెప్పడం మొదలుపెట్టింది. యుద్ధం అయిపోయింది. రైళ్ళ నిండా సిపాయిలు వస్తున్నారు. సలోమి ఇంటి తలుపు ఎవరో తట్టారు. సలోమి తలుపు తీసింది.

"గడప ముందు పట్టాళం బట్టల్లో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. అతను..."

ఆగిపోయింది. తరువాతి మాట ఏమిటో నాకు తెలుసు. నా వేళ్ళు పక్కనున్నావిడ చేతిని నలిపేస్తున్నాయి. జయమణక్క హన్నమ్మ మామ్మ వైపు చూసింది. గుమ్మం వైపు చూసింది. ఊపిరి గట్టిగా పీల్చింది.

"అతను గిద్యోను!"

అది మెత్తని గొంతు కాదు, బస్సులో అరిచే గొంతు. చర్చి అదిరిపోయింది. ఒకటే చప్పట్లు, "స్తోత్రం, స్తోత్రం" అని కేకలు. నేను ఏం అరిచానో నాకే తెలియదు. "కాలూ చెయ్యీ బానే ఉన్నయ్యా?" అని ఒకావిడ, "ముందు అతనికి అన్నం పెట్టమను" అని ఇంకొకావిడ. ఆ గోలలోనే జయమణక్క మైకు గట్టిగా పట్టుకుంది.

"నెహెమ్యాగారూ! వచ్చే ఆదివారం మన పెళ్ళి ప్రకటన చదివించండి!"

పాపం ఆయన గోడకి జేరబడి, అలాగే జారి కింద కూర్చుండిపోయారు. ఆడవాళ్ళు నవ్వుతున్నారు, ఏడుస్తున్నారు. జయమణక్క కూడా ముక్కు తుడుచుకుంటూ మైకు పక్కన పెట్టబోయింది. అప్పుడు హన్నమ్మ మామ్మ లేచి, నెమ్మదిగా దగ్గరికెళ్ళి ఆవిడ కొంగు పట్టుకుంది.

"గిద్యోను వాళ్ళకి ఆడపిల్ల పుట్టిందా?"

"పుట్టింది మామ్మా. లీదియ వాళ్ళమ్మ."

"ఆ పిల్లని ఎత్తుకున్నాడా?"

"ఎత్తుకున్నాడు మామ్మా. నడకొచ్చినా కిందకి దించలా."

"దించడు" అంది హన్నమ్మ మామ్మ. "మా నాన్న దించడు."