ముల్లంగి, పుంటికూర, ఐరావతం

కొత్త చిప్పు పని మొదలయ్యే రోజున బాలమల్లు సార్ దాని కాగితాల కట్టను అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు పైకీ కిందికీ ఊపేవాడు. అంగట్లో బరువు అంచనా కట్టే మనిషిలా కాసేపు కళ్ళు మూసుకునేవాడు. తరువాత పేరు చెప్పేవాడు. అది ఎప్పుడూ ఏదో ఒక కూరగాయ పేరే.

శంషాబాద్‌లో బెంగుళూరు రోడ్డు పక్కన, విమానాలు తల మీదుగా దిగే చోట మా ఆఫీసు. కంప్యూటర్ ప్రాసెసర్లను గీసి తయారీకి తైవాన్ పంపడం మా పని. చిప్పు బజారుకు వెళ్ళేదాకా దానికొక మారుపేరు ఉండాలి. మిగతా ఆఫీసులవాళ్ళు నదుల పేర్లు, కొండల పేర్లు పెట్టుకునేవారు. మా పెద్ద బాలమల్లు సార్ కొత్తూరు రైతు బిడ్డ. నేను చేరిన ఏడాది, 2010లో, మేము చేస్తున్నది ముల్లంగి. అంతకుముందు చామగడ్డ. ఆ తరువాత పుంటికూర, అదే గోంగూర.

నాది షాద్‌నగర్. ఇంట్లో తిన్నవీ ఆ కూరలే. కానీ పట్నంలో చదువుకుని భాష మార్చుకున్నవాణ్ణి. బెంగుళూరు హెడ్ ఆఫీసుతో ఫోన్‌లో “పుంటికూర వేడెక్కుతోంది” అని చెప్పవలసి వస్తే గొంతు తగ్గించేవాణ్ణి.

“జర గట్టిగ చెప్పు శివా,” అనేవాడు సార్ పక్క బల్ల నుంచి. “పుంటికూర ఏం పాపం చేసింది?”

“అక్కడ కస్టమర్లు వింటే బాగుండదు సార్.”

“వాళ్ళు తినరా ఏంది?”

ఒకసారి తైవాన్ నుంచి నమూనాలు వస్తే తీసుకురమ్మని నన్ను ఎయిర్‌పోర్టు కార్గోకు పంపాడు. పెట్టె మీద ఇంగ్లీషు అక్షరాల్లో ‘పుంటికూర, రెండో రకం’ అని ఉంది. సార్ చెప్పిన మాటను అక్కడివాళ్ళు పొల్లుపోకుండా రాశారు. కౌంటర్‌లో సక్కుబాయి అనే అధికారి కళ్ళజోడు సవరించుకుని చదివింది.

“ఆకుకూరనా?”

“కాదు మేడమ్, ప్రాసెసర్.”

“మరి గిట్ల రాసిన్రేంది?”

“మా సార్ పెట్టిన పేరు.”

“మొదటి రకం ఏమైంది?”

“పాడైంది.”

ఆవిడ పెట్టెను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. రెండు గంటలు నిలబడ్డాను. లైన్లో ఉన్నవాళ్ళంతా ఆకుకూరల దొంగను చూసినట్టు నన్ను చూశారు. చివరికి సార్‌కు ఫోన్ కలిపి ఇచ్చాను. ఆయనా ఆవిడా పావుగంట సేపు పుంటికూర పప్పులో ఎల్లిపాయ ఎంత వేయాలో మాట్లాడుకున్నారు. పెట్టె నా చేతికి వచ్చింది.

ఆ రోజు తిరిగి వస్తూ చేసిన నిర్ణయాన్ని తలచుకుంటే ఇప్పటికీ తల వంగిపోతుంది.

2012లో కొత్త చిప్పు పని వచ్చింది. దాని కాగితాలు సార్ అరచేతిలోకి వెళ్ళకముందే బెంగుళూరు డైరెక్టర్ రామచంద్రయ్య గారికి ఉత్తరం రాశాను. ఈ పేర్ల వల్ల కంపెనీ పరువు పోతోందని, దీనికి ‘ఐరావతం’ అని పెట్టమని. సార్‌కు చెప్పలేదు. మూడు రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. సార్ దాన్ని అందరి ముందూ చదివాడు.

“ఐరావతం. మంచిగున్నది,” అన్నాడు. “వండుకోవడానికే పనికిరాదు.”

ఎవరి వైపూ చూడలేదు. నేను నా కంప్యూటర్ వైపు చూశాను.

గోడ మీద నాలుగు దంతాల ఏనుగు బొమ్మ వెలసింది. డైరెక్టర్ గారు కస్టమర్లందరికీ ఐరావతం వస్తోందని చెప్పేశారు. తైవాన్ నుంచి దాని నమూనా వచ్చింది. చిప్పు ఎక్కడైనా ఇరుక్కుపోతే దాన్ని తట్టి, మొదటి నుంచి మొదలుపెట్టించే చిన్న గడియారం ఒకటి లోపల ఉంటుంది. అది నా భాగం. నేను గడువు మరీ తక్కువ పెట్టాను. ఐరావతం నిద్రలేచేది, రెండడుగులు వేసేది, గడియారం తట్టేది, మళ్ళీ నిద్రలేచేది. రోజంతా నిద్రలేస్తూనే ఉంది.

డైరెక్టర్ గారి గొంతు స్పీకర్‌లో వినిపించింది. “ఐరావతాన్ని కూల్చింది ఎవరో నాకు తెలియాలండీ. రేపు ఉదయం వస్తున్నాను. ఆ మనిషి ఇక మనకు వద్దు.”

మధ్యాహ్నం క్యాంటీన్‌లో అన్నం ముందు కూర్చుని ఉంటే మనీషా వచ్చి ఎదురుగా కూర్చుంది. నాకంటే మూడేళ్ళు సీనియర్.

“ముల్లంగి ఎవరి వల్ల పోయిందో తెలుసా?” అంది.

“తెలియదు. ముల్లంగి పోయిందంటే అందరం నవ్వుకున్నాం కదా.”

“నా వల్ల. బెంగుళూరోళ్ళు ‘ముల్లంగి కుళ్ళింది’ అని రిపోర్టు చదవబోయి నవ్విన్రు. నవ్వినంక ఎవరని అడగడానికి వాళ్ళకు నోరు రాలే. సార్ గా పేర్లు ఎందుకు పెడ్తడనుకున్నవ్? నువ్వు ఏనుగును తెచ్చినవ్. ఏనుగు పడితే ఎవడు నవ్వుతడు?”

ఉత్తరం సంగతి ఆమెకు తెలుసన్నమాట. అన్నం అలాగే ఉండిపోయింది.

సాయంత్రం సార్ బల్ల దగ్గర నిలబడ్డాను. “గడియారం తప్పు నాది సార్. ఉత్తరం కూడా నేనే రాశాను.”

“గడియారం సంగతి పొద్దుగాలనే చూసిన. ఉత్తరం సంగతి అది పోయిన్నాడే తెల్సు.”

“మరి అడగలేదేం సార్?”

“అడిగితే ఏం చేస్తవ్, గిట్లనే తల కిందికేస్తవ్. దాంతోని నాకేం పని? ఇంటికి పో, మంచిగ తిని పండుకో. రేపు అడిగితే అబద్ధం చెప్పకు.”

నేను తినలేదు, పడుకోలేదు.

మర్నాడు ఉదయం బాలమల్లు సార్ డైరెక్టర్ గారిని తీసుకురావడానికి తానే ఎయిర్‌పోర్టుకు వెళ్ళాడు. విమానం ఎనిమిదింటికే దిగింది. ఆఫీసు పది నిమిషాల దూరం. వాళ్ళు పదకొండైనా రాలేదు. వచ్చేసరికి డైరెక్టర్ గారి బూట్ల నుంచి ప్యాంటు మోకాళ్ళ దాకా మట్టి ఉంది. చేతిలో బెండకాయల సంచి ఉంది. కొత్తూరులో సార్ తమ్ముడి చేనులో తన చేతులతో కోసుకొచ్చారట. ఆ సంచిని ఏనుగు బొమ్మ కింద పెట్టి కుర్చీలో కూర్చున్నారు.

“దీని అసలు పేరు బెండకాయ అని మీ సార్ దారిలో చెప్పారు,” అన్నారు. మొహం గట్టిగా పెట్టుకోవాలని చూశారు. “మరి ఈ బెండకాయ...” అని ఆగి, పెదవి కొరుక్కుని, చివరికి నవ్వేశారు. “ఈ బెండకాయను బాగుచేయడానికి ఎన్నాళ్ళు పడుతుందండీ?”

ఎవరని అడగలేదు. నేనే లేచాను. “మూడు వారాలండీ. తప్పు నాదే. దిద్దేది కూడా నేనే.”

ఆయన నన్ను చూశారు, తన బూట్లను చూసుకున్నారు. “సరే. మూడు వారాలు,” అన్నారు.

నేను సార్ వైపు తిరిగాను. ఆయన ఈ మాటలేవీ వింటున్నట్టు లేడు. సంచిని మీటింగు బల్ల మీద కుమ్మరించి, ఒక్కొక్క బెండకాయ కొన విరిచి చూస్తూ, లేతవి డైరెక్టర్ గారి వైపు, ముదురువి తన వైపు జరుపుకుంటున్నాడు.