నంబరు రాని కొత్త బండి

ఆ రోజుల్లో నేను స్నానానికి వెళ్ళడానికి కూడా జాబితా రాసుకునే మనిషిని. ఇంజనీరింగ్ పూర్తయి ఏడాది కాలేదు, వరుసగా అంకెలు వేసి రాసుకుంటే ఏ పనైనా అయిపోతుందని గట్టి నమ్మకం. ఆ అలవాటు మీద గౌరవంతో ఈ సంగతి కూడా జాబితాతోనే మొదలుపెడతాను. ఆ ఆదివారం ఉదయం చందానగర్‌లో మా అక్కావాళ్ళ ఇంటి ముందు హాజరైన మనుషులు: అక్క, బావగారు, నేను. హాజరైన వస్తువులు: నా కాలేజీ రోజుల సైకిలు ఒకటి, బాలానగర్ పాత ఇనుము దుకాణంలో దొరికిన మోటారు ఒకటి, కారు బ్యాటరీలు రెండు, అదనపు చైను ఒకటి, లారీ స్టార్టు చేసే బటను ఒకటి, కరెంటు కొలిచే మీటరు ఒకటి. ఆ సైకిలును వీటన్నిటితో కరెంటు బండిగా మార్చడం ఆ రోజు కార్యక్రమం. హాజరు కానిది ఇంగితజ్ఞానం. దానికి పిలుపు కూడా వెళ్ళలేదు.

ఇంత సాహసం ఎందుకంటే, మా ఆఫీసు మాదాపూర్ బండరాళ్ళ మధ్య కొత్తగా లేచిన ఒక గాజు భవనంలో ఉండేది. ప్రపంచమంతా అక్కడికే నడిచి వస్తోందని పేపర్లు రాసేవి. నిజంగానే నడిచి రావాలి, ఎందుకంటే మా వైపు నుంచి బస్సు లేదు. అందుకని బావగారు రోజూ తన స్కూటరు మీద నన్ను అక్కడ దింపి, తన ప్రభుత్వ ఆఫీసుకు వెళ్ళేవారు. వెనక సీటుకు కిరాయి లేదు గాని ఉపన్యాసం ఉండేది. "ఆ అద్దాలు చూసి మురిసిపోకయ్యా. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయంటున్నారు. మా ఆఫీసులో బీరువాలు ఆగవు. బుద్ధిగా గ్రూప్ టూ రాయి" అనేవారు. హెల్మెట్ లేని రోజులు కాబట్టి ఒక్క ముక్క కూడా వృథా పోకుండా నా చెవిలో పడేది.

సొంత బండి తయారు చేసుకుంటున్నానని చెప్పినప్పుడు ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. "సరే. రేపు సోమవారం. దీని మీద తొమ్మిదిలోపు ఆఫీసుకు చేరావనుకో, ఇక గ్రూప్ టూ మాట ఎత్తను. చేరకపోతే ఈసారి పరీక్ష రాస్తావు. ఋజువు కావాలి మరి" అన్నారు. మా భవనం గేటు దగ్గర బండ్లకు టైము రాసి టోకెన్ ఇస్తారు, అది తెచ్చి చూపిస్తానన్నాను. "టోకెన్ ఉంటే ఒప్పుకుంటాను" అన్నారు, ఫైలు మీద సంతకం పెట్టినంత గంభీరంగా.

వస్తువుల ఎంపిక ఆషామాషీగా జరగలేదని మనవి. గళ్ళు గీసి, మార్కులు వేసి ఎంచుకున్నాను. లారీ వైపరు మోటారుకు బలం ఉంది, తొందర లేదు (ప్రభుత్వోద్యోగం అనుకున్నాను, బావగారు దగ్గర లేనప్పుడు). కారు ఫ్యాను మోటారుకు తొందర ఉంది, బలం లేదు (మా టీమ్ లీడర్). మూడోది ఏదో ఫ్యాక్టరీలో పెట్టెలు మోసే బెల్టును తిప్పి రిటైరైన మోటారు. "ఫికర్ చెయ్యకు సార్, గిది గుట్టను గూడ గుంజుతది" అన్నాడు దుకాణం ఆయన. ఖాజాగూడ గుట్టలు ఇప్పటికీ ఉన్నచోటే ఉన్నాయి కాబట్టి ఆయన మాట ఎవరూ పరీక్షించలేదనుకుంటాను. ఇక మోటారు ఇరుసుకు పళ్ళ చక్రాన్ని బిగించడానికి మూడు పద్ధతులున్నాయి. వెల్డింగ్ చేయించవచ్చు, గాడి కొట్టించి చీల దించవచ్చు, లేదా ఒక్క చిన్న స్క్రూతో బిగించవచ్చు. నేను స్క్రూను ఎంచుకున్నాను. కారణం బరువు తగ్గుతుందని. వెనక క్యారియర్ మీద పన్నెండేసి కిలోల బ్యాటరీలు రెండు పెట్టుకుంటూ చీల దగ్గర పొదుపు చేసిన ఇంజనీరు ఆ సంవత్సరం రాష్ట్రంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

సాయంత్రానికి బిగింపు పూర్తయింది. స్టాండు వేసి బటను నొక్కితే వెనక చక్రం గిర్రున తిరిగింది. అక్క హారతి పళ్ళెం తెచ్చి, "ఇంతకీ ఇది సైకిలా, బండా?" అంది. ఆ ప్రశ్నలోని లోతు మర్నాటి దాకా నాకు అర్థం కాలేదు.

సోమవారం టై కట్టుకుని బయలుదేరాను. నా లెక్క ప్రకారం మోటారు అరవై పాళ్ళు, నా కాళ్ళు నలభై పాళ్ళు పని చెయ్యాలి. బటను దారి పొడుగునా నొక్కి పట్టుకోవాలి. మోటారు చక్కగా గుయ్యిమంటోంది. కొండాపూర్ ఎత్తు దగ్గర నా నలభై పాళ్ళు కాస్త ఎక్కువగానే అనిపించాయి, చొక్కా వీపుకు అతుక్కుపోయింది. గాలి ఎదురుగా ఉందని సరిపెట్టుకున్నాను. మోటారే లేకపోతే ఈ ఎత్తు ఎక్కడం మనిషికి సాధ్యమా అని దారిలో మామూలు సైకిళ్ళు తొక్కుతున్న కూలీల మీద జాలిపడ్డాను. వాళ్ళు నన్ను దాటుకుంటూ వెళ్ళిపోయారు.

తొమ్మిదికి పది నిమిషాలుందనగా గేటు చేరాను. ఇక టోకెన్ తీసుకోవడమే అనుకుంటుండగా వాచ్‌మన్ కర్ర అడ్డం పెట్టాడు. పాలమూరు నుంచి వచ్చిన పెద్దాయన, అందరూ కాకా అనేవారు.

"సైకిల్‌కు టోకెన్ లేదు సార్. లోపటికి రానియ్యరు. గాడ రాళ్ళ కాడ పెట్టున్రి."

"ఇది సైకిల్ కాదు కాకా, దీనికి మోటారుంది."

"మోటరుంటే నంబరేది?"

నాలుగేళ్ళ ఇంజనీరింగ్‌లో దీనికి జవాబు చెప్పలేదు. సైకిలు అయితే లోపలికి రాదు, బండి అయితే నంబరు కావాలి. రాళ్ళ దగ్గర పెడితే టోకెన్ ఉండదు, టోకెన్ లేకపోతే గ్రూప్ టూ. వెనక కారులో ఎవరో హారన్ కొడుతున్నారు.

"కొత్త బండి కాకా. నంబరు ఇంకా రాలేదు" అన్నాను.

కాకా సైకిలు చుట్టూ ఒకసారి తిరిగాడు. "జర సప్పుడు ఇనిపియ్యున్రి" అన్నాడు. రెండు బ్రేకులూ గట్టిగా పట్టుకుని బటను నొక్కాను. మోటారు గుయ్యిమంది. బండి అంగుళం కూడా ముందుకు దూకలేదు. ఇంత శక్తిని ఆపిన నా బ్రేకుల అమరికను మనసులోనే మెచ్చుకున్నాను.

"ఆఁ, బండే" అని తేల్చాడు కాకా. "కొత్త బండి, నంబర్ రాలె అని రాస్త. ఎవరన్న అడిగితె గిదే చెప్పున్రి." టోకెన్ మీద ఎనిమిదీ యాభైఏడు అని రాసి ఇచ్చాడు.

బ్యాటరీ ఒక వైపుకే సరిపోతుందని నా లెక్క, ఆఫీసులో ఛార్జింగుకు ఎవరూ ఒప్పుకోలేదు. అందుకని సాయంత్రం ఇల్లు చేరేదాకా బటను ముట్టుకోలేదు, పూర్తిగా తొక్కుకుంటూనే వచ్చాను. వింతేమిటంటే పొద్దుటికీ ఇప్పటికీ కాళ్ళకు పెద్ద తేడా తెలియలేదు. ఇంటికి రాగానే టోకెన్ బావగారి చేతిలో పెట్టాను. ఆయన అద్దాలు సవరించుకుని చదివి, తల ఊపారు. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. మీటరు తెచ్చి బ్యాటరీకి పెట్టాను. ఖాళీ కావలసిన బ్యాటరీ దాదాపు నిండుగా ఉంది.

"చూశారా బావగారూ, అంత దూరం మోసుకెళ్ళినా కరెంటు తాగనే లేదండి" అన్నాను. గొంతులో నిజమైన గర్వం ఉంది.

ఆయన సైకిలుకు స్టాండు వేసి బటను నొక్కారు. మోటారు గుయ్యిమంది. వెనక చక్రం తన మానాన తాను నిలబడి ఉంది. వంగి చూస్తే ఆ చిన్న స్క్రూ ఎక్కడో రాలిపోయింది. ఇరుసు తిరుగుతోంది, పళ్ళ చక్రం దాని మీద ఊరికే కూర్చుని ఉంది.

అక్క గుమ్మంలోంచి అంది. "ఒరేయ్, అది లాగట్లేదురా. పొద్దుటినించీ పాట పాడుతోంది."

స్క్రూ వీధి చివరి గుంతలో దొరికింది. అంటే బండి మా వీధి కూడా దాటకముందే మోటారు రాజీనామా ఇచ్చిందన్నమాట. బావగారు టోకెన్ నా చేతికి తిరిగి ఇచ్చారు. "తొమ్మిదిలోపు దీని మీదే చేరావు. పందెం నీదే. నేను మాట తప్పను" అన్నారు. ఆయన ఎగతాళి చేసి ఉంటే ఆ రాత్రి అన్నం సహించేది. నిజంగానే మళ్ళీ ఎప్పుడూ గ్రూప్ టూ మాట ఎత్తలేదు. అప్పుడప్పుడు నా పిక్కల వైపు చూసేవారు, అంతే.

మర్నాడు బ్యాటరీలు దింపేశాను. మోటారు మాత్రం విప్పలేదు. అది ఉంటేనే గేటు లోపలికి ప్రవేశం. రెండేళ్ళపాటు దాన్ని బిగించుకునే తొక్కాను, రెండేళ్ళపాటు కాకా పుస్తకంలో నాది నంబరు రాని కొత్త బండి.

ఇప్పుడు ఆ దారిలో కరెంటు స్కూటర్లు చప్పుడు లేకుండా పోతుంటాయి. కారులో కూర్చుంటే కొండాపూర్ ఎత్తు ఎక్కడ మొదలైందో తెలియదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, టై భుజం మీద వేసుకుని, బొటనవేలితో బటను నొక్కి పట్టుకుని, మోటారు లాగుతోందని గాఢంగా నమ్ముతూ ఎత్తు తొక్కుతున్న ఆ కుర్రాడు గుర్తుకొస్తాడు. చెప్పినా వినేవాడు కాదు. అంత నమ్మకంతో నేను మళ్ళీ ఏ ఎత్తూ ఎక్కలేదు. అలవాటు కొద్దీ ఆఖరి గడి కూడా నింపేస్తాను. ఆ మోటారు నన్ను ఆఫీసుకు లాగిన దూరం: సున్నా కిలోమీటర్లు.