స్పిరిటులో కరిగిపోయిన ఏడాది

మా అక్కకి జనం పెట్టిన పేరు పురుగులక్క. పెద్ద చదువులు చదివి, పరిశోధనశాలలో ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి సంపాదించుకున్న బిరుదు అదీ. ఇంట్లో బొద్దింక కనిపిస్తే చెప్పు తియ్యనిచ్చేది కాదు, ముందు దాని కాళ్లు చూడాలనేది.

పైకి చూస్తే ఆమెది పిచ్చిపనే. సోమవారం సోమవారం అడవికెళ్లి, నలభై చెట్ల కింద నేల తవ్వి, అంచు నేలకి సమంగా ఉండేలా ప్లాస్టిక్ గ్లాసులు పాతేది. వారం తిరిగేసరికి వాటిలో పడ్డ పేడపురుగుల్నీ చీమల్నీ ఏరి, స్పిరిటు పోసిన చిన్న సీసాల్లో వేసేది. ప్రతి సీసాలోనూ ఒక చీటీ: ఏ చెట్టు, ఏ తేదీ. చీటీ ఉంటేనే ఆ పురుగు సాక్ష్యం, లేకపోతే వట్టి చచ్చిన పురుగు. ఆ చీటీ పెన్సిల్‌తోనే రాయాలి, పెన్ను సిరా స్పిరిటులో కరిగిపోతుంది.

అమ్మ మంచం పట్టిన ఏడాది అక్క సీసాలన్నీ ఇంటికే తెచ్చుకుంది. అమ్మని పక్కమీద అటూ ఇటూ తిప్పడం, మందులు వెయ్యడం, మధ్యలో పురుగులు ఏరడం. చీటీలు రాసిపెట్టమని నన్నడిగింది. ఆదివారాలు వెళ్లేదాన్ని. పెన్సిల్ మొన మాటిమాటికీ విరుగుతుంటే విసుగొచ్చింది. అక్కది చాదస్తం కాకపోతే ఏ సిరా అయితేనేం అనుకుని, బ్యాగులోంచి పెన్ను తీసి రాసి, చుట్టి, సీసాల్లో పడేశాను. ఏడాది పొడుగునా అంతే. అక్కకి తలెత్తి చూసే తీరిక లేదు. అమ్మ పోయింది. సీసాలు పెట్టెల్లోకెక్కి సామాన్ల గదికి చేరాయి.

మరుసటి ఏడాదే అడవి పక్క కొండమీద గని తవ్వకాలు మొదలయ్యాయి. నాలుగేళ్లకి అడవిని కూడా గనికిచ్చేస్తామన్నారు. తవ్వకాల దుమ్ము పడ్డ చోటల్లా పురుగులు సగానికి సగం తగ్గాయనీ, పురుగు పోతే రాలిన ఆకు మట్టి కాదనీ, చివరికి మొక్కే మొలవదనీ ప్రభుత్వం పెట్టిన విచారణలో చెప్పడానికి అక్క సిద్ధపడింది. తవ్వకాలకి ముందరి లెక్కల్లో అమ్మ ఏడాదిదే ఆఖరుది.

విచారణ వారం ఉందనగా ఫోన్ చేసింది.

"అమ్మ దగ్గర కూర్చుని చీటీలు రాశావు చూడు, దేంతో రాశావే?"

సీసాలు తెరిచి చూసిందని అర్థమైంది. "పెన్సిల్‌తోనే అక్కా. నువ్వు చెప్పావుగా."

"సరేలే," అని పెట్టేసింది.

విచారణ రోజు పెట్టెలు మోసుకుని నేనూ వెళ్లాను. దాచకుండా అక్కే, సిరా కరిగి తెల్లకాగితాలైపోయిన చీటీలు తీసి బల్లమీద పరిచింది. "ఈ ఒక్క ఏడాది వదిలెయ్యండి. మిగతావన్నీ సరిగ్గా ఉన్నాయి," అంది.

"వీటిని రాసిందెవరు?" అన్నాడు విచారణ అధ్యక్షుడు.

"నేనే," అంది అక్క.

గని తరఫు లాయరు నవ్వాడు. "ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నావిడకి సిరా కరుగుతుందని తెలియదా? ఇంక మిగతా సీసాల మాటేంటండీ? అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలదూ?"

గదంతా గొల్లుమంది. నేను మూడో వరసలో, ఒళ్లో పెట్టెతో ఉన్నాను. లేచి, "రాసింది నేను, ఆవిడ పెన్సిల్‌తోనే రాయమంది," అంటే సరిపోయేది. ఒక్క ఏడాదే పోయేది. అంతమందిలో నా పరువేం కావాలనుకుని, నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నట్టు కూర్చున్నాను. నా అంత పిరికిది ఇంకొకతె ఉండదు.

అధ్యక్షుడు ముప్పై ఏళ్ల సీసాల్నీ పక్కన పెట్టించాడు. సాయంత్రానికి అడవి గనికి రాసిచ్చేశారు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు గానీ నాకు నోరు పెగల్లేదు.

"అక్కా, అవి రాసింది నేనే."

"తెలుసు. ఫోన్‌లోనే తెలిసింది."

"మరి నీ మీదెందుకు వేసుకున్నావు?"

"అంతమందిలో నిన్ను నిలబెట్టనా?" అంది. బస్సు వచ్చే వైపే చూస్తూ మళ్లీ అంది: "నువ్వే లేస్తావేమో అనుకున్నానే. రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను కూడా."