ఉప్పు తక్కువైందన్న మేనత్త

ఇందుమూలముగా తెనాలి, బాపట్ల, రేపల్లె వాసులెల్లరకు తెలియజేయునది ఏమనగా: ఇకమీదట నా చొక్కా గుండీ ఊడినా, మీసం వంకరగా ఉన్నా నడిబజార్లో నిలదీసేవారు లేరు. బాపట్ల అవతల, సముద్రం పక్క ఊళ్ళో ఉండే మా మేనత్త మొన్న తెల్లారుజామున పోయింది.

ఇసక నేలలో ఆవిడకో దొరువు ఉంది. దొరువంటే లోతులేని నీళ్ళగుంట. ఏటవాలుగా దిగి, రెండు చేతులా కుండలు ముంచుకొచ్చి వంగ మొక్కలకి పోసేది. ఇంకాస్త తవ్వించొచ్చుగా అత్తా అంటే, "లోతుకి పోతే ఉప్పే తగులుతుందిరా" అనేది. నేను చుట్టాల తగాదాలు కెలికినప్పుడూ అదే మాట. పదో తరగతి గట్టెక్కని నాకు వేదాంతం ఆ ఒక్క ముక్కే వచ్చు.

ఆ ఇసకలో ఖనిజాలున్నాయని బోర్లేసి చూసుకున్న కంపెనీ ఒకటి, తవ్వుకుంటామంది. తవ్వితే సముద్రం దొరువుల్లోకొస్తుందని ఊరి భయం. పర్యావరణ అనుమతికి ముందు జనం మాట వినాలట. షామియానా వేసి, వినేముందు బిర్యానీ పొట్లాలు పంచారు. నేను తెనాలి నుంచి బస్సెక్కింది వాటికే.

అత్త మాట్లాడ్డానికి లేవగానే కంపెనీ మనిషి నవ్వుతూ, "భోజనం బాగుందా అమ్మా? రెండు మంచి మాటలు చెప్పండి మరి" అన్నాడు.

"తిన్నాను నాయనా. ఉప్పు తక్కువైంది. మీరు తవ్వాక మా నీళ్ళతోనే వండుకోండి, ఆ కొరతా తీరుతుంది."

షామియానా ఊగిపోయింది. అత్త మాత్రం నవ్వలేదు. రాసుకునే గుమాస్తా దగ్గరికెళ్ళి, "ఏం రాశావో చదువు బాబూ" అంది.

"నీటి గురించి మాట్లాడారు అని రాశానండి."

"మాట్లాడ్డానికి ఇంత దూరం రావాలా? వద్దంది అని రాయి."

రాసి, మళ్ళీ చదివి వినిపించేదాకా కదల్లేదు. తర్వాత తను తెచ్చిన దొరువు నీళ్ళు గ్లాసుతో, జనం మాట వినడానికొచ్చిన ఆఫీసరు ముందు పెట్టింది. ఆయన గటగటా తాగి, "తియ్యగా ఉన్నాయమ్మా" అన్నాడు.

సర్కారు ఇప్పటిదాకా అనుమతి ఇవ్వలేదు, కాదనీ అనలేదు. ఆవిడ మాత్రం పోయింది.

ఒకటి ఒప్పుకోవాలి. ఆఫీసరు తాగడం నేను అల్లింది. అత్తకి ఆ మాత్రం మర్యాద జరగాలనిపించి రాసేశాను. ఆయన గ్లాసు ముట్టనేలేదు. జీపులు వెళ్ళిపోయాక, అత్త ఆ గ్లాసు తొణక్కుండా రెండు చేతులా పట్టుకుని, ఇసకలో మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి, వంగ మొక్క మొదట్లో పోసింది.