అన్నయ్య చెప్పిన సినిమా కథ... నేనిచ్చిన లైఫులు

మా చిన్నప్పుడు... ఐదో తరగతి వేసవి సెలవుల్లో నాకు ఆటలమ్మ పోసింది. గుండుగొలనులో మా ఇంట్లో నేను వేపాకుల పక్క మీద పడుకుని ఉంటే, నాన్న అన్నయ్యనొక్కడినే ఏలూరు తీసుకెళ్లి ఇంగ్లీషు సినిమాకి వెళ్లొచ్చారు. తెలుగు డబ్బింగే లెండి. ఓడ మునిగి ఏదో దీవిలో చిక్కుకున్న నాన్నని వెతుక్కుంటూ పోయే చిన్నపిల్ల కథట. వాల్‌పోస్టరు చూసిన రోజు నుంచీ వెళ్దామని గోల పెట్టింది నేను... వెళ్లింది వాడు.

నేను అలుగుతానని నాన్న వస్తూ వస్తూ టీవీ గేము కొనుక్కొచ్చారు. దాంతోపాటు ఆ సినిమా బొమ్మ అంటించిన పసుపుపచ్చ క్యాసెట్టు! నాకు నీళ్లు పోశాకగానీ అమ్మ దాన్ని ముట్టుకోనివ్వలేదు.

క్యాసెట్టుని ఉఫ్ అని ఊది పెడితేనే బొమ్మ వచ్చేది. ఎర్రగౌను వేసుకున్న చిన్న పిల్ల... మొసళ్ల మీంచి దూకాలి, తాళ్లు పట్టుకుని ఊగాలి, తాళంచెవులు ఏరుకుంటూ పోవాలి. ఉన్నవి మూడే లైఫులు. అవి అయిపోతే మళ్లీ మొదటికే. ఒకటి అన్నయ్యది, ఒకటి నాది, మూడోది వంతులేసుకునేవాళ్లం.

నాకేమో గేము కంటే కథ కావాలి. ఆ పిల్లకి వాళ్ల నాన్న దొరికాడా లేదా... అదొక్కటే బెంగ.

"చెప్తానే. నీ లైఫ్ ఇచ్చెయ్యి మరి," అనేవాడు అన్నయ్య.

ఇచ్చేసేదాన్ని. వాడు ఆడుతూ చెప్పేవాడు. ఆ పిల్ల దోనె వేసుకుని, గుర్రపుడెక్కని తోసుకుంటూ పోయిందట... గూడబాతులు ముందు ఈదుతూ దారి చూపించాయట... ఇంగ్లీషువాళ్ల దీవిలోకి మన కొల్లేరు ఎలా వచ్చిందని నాకు అనుమానమే రాలేదు. ఆ పిల్ల ఆకలితో పడుకుందంటే నేను నిజంగానే ఏడ్చాను.

సెలవులన్నీ అలాగే అయిపోవచ్చాయి. ఆడింది వాడు, విన్నది నేను.

ఒక మధ్యాహ్నం ఆఖరి స్టేజీ దాకా వచ్చాం. వాడి లైఫులు పోయాయి. మిగిలింది ఒక్కటే, అదీ నాది. రిమోట్ నా చేతికొచ్చింది.

"ఇదొక్కటీ ఇచ్చెయ్యవే. చివర ఏమైందో మొత్తం చెప్పేస్తాను. నీ మీదొట్టు," అని నా నెత్తిన చెయ్యి పెట్టాడు.

ఇచ్చాను. పెద్ద మొసలిని దాటేశాడు. తలుపు తెరుచుకుంది. ఏవో ఇంగ్లీషు అక్షరాలు మెరిసి... మళ్లీ మొదటి స్టేజీ వచ్చేసింది. నాన్న లేడు, ఎవరూ లేరు.

"అయితే నువ్వు చెప్పు," అన్నాను.

"అన్నం తిన్నాక," అన్నాడు.

భోజనాల దగ్గర మళ్లీ అడిగాను. నాన్న పకపకా నవ్వేశారు.

"వాడేం చెప్తాడమ్మా? మొదట్లోనే ఓడ మునగడం చూసి ఒకటే ఏడుపు. పేర్లు పడ్డాయో లేదో బయటికి లాక్కొచ్చేశాడు. బజ్జీలు తిని, నీ గేము కొనుక్కుని వచ్చేశాం."

"ఊరుకోండి, పిల్లాడి పరువు తీసేస్తారేంటండీ," అంటూ అమ్మ కూడా నవ్వింది.

అన్నయ్య గబగబా ముద్దలు మింగేస్తున్నాడు.

"మరి వాళ్ల నాన్న?" అన్నాను.

"నాకేం తెలుసు," అని గొణిగాడు.

నా లైఫులన్నీ వాడే ఆడేసుకున్నాడు... పోనీలే అనుకోవచ్చు. కానీ నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశాడండీ! రోజూ నన్ను ఏడిపించిన పిల్ల అసలు ఏ సినిమాలోనూ లేదు. ఇంట్లో అందరికీ అదొక నవ్వులాట. నాకు మాత్రం కాదు. ఆ తర్వాత చాలా రోజులు వాడు నిజం చెప్పినా నమ్మలేదు.

మొన్న మా అమ్మాయి ఆ సినిమా ఫోన్‌లో పెట్టి చూపించింది. చూశాను. వాళ్ల నాన్న దొరికాడు. కానీ తెరమీది ఆ పిల్ల ఎవరో పరాయి పిల్లలా అనిపించింది, కంట తడి కూడా రాలేదు.

ఇప్పుడు ఏ కథ ముగింపు కావాలన్నా ఫోన్ చెప్పేస్తుంది. మా అమ్మాయిని ఇలా ఎవరూ మోసం చెయ్యలేరు. దాని కోసం కూర్చుని ఇంత కథ అల్లేవాళ్లూ లేరు... మిమ్మల్నీ ఎవరైనా ఇలాగే నమ్మించి ముంచేశారా? కింద రాయండి.

అన్నయ్యా, నువ్వూ రాయి. ఒట్టేశావు. నువ్వు చెప్పిన పిల్లకి వాళ్ల నాన్న దొరికాడా, లేదా?