బోర్డు వైపు తిరిగి చెప్పిన పాఠాలు

ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. పాఠం చెబుతూ నేను ఇప్పటికీ కిటికీ పక్క బెంచీ వైపే చూస్తుంటాను. అక్కడిప్పుడు వేరే పిల్ల కూర్చుంటోంది.

సూరత్‌లోని పాండేసరలో, సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసే తెలంగాణ నేత కార్మికుల పిల్లలు చదివే బడిలో నాకది మొదటి ఏడాది. అన్ని కళ్లు నన్నే చూస్తుంటే గొంతు పెగిలేది కాదు. అందుకే బోర్డు వైపు తిరిగి, రాస్తూనే పాఠం చెప్పేసేదాన్ని.

ఒకరోజు నాలుగో తరగతి స్వప్న కిటికీ పక్క బెంచీ నుంచి లేచి వచ్చి, నాకూ బోర్డుకూ మధ్య దూరి నా నోటికేసి చూస్తూ నిలబడింది.

"ఏందే, నువ్వేమన్న బోర్డువా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. క్లాసంతా నవ్వింది.

స్వప్న మాత్రం నవ్వలేదు. "నాకు జర తక్కువ ఇనవడ్తది టీచర్. సాంచాల చప్పుడుల మా అమ్మ నా మొఖం జూసుకుంటనే మాట్లాడ్తది. మీరేమో గోడతోని ముచ్చటవెడ్తుండ్రి."

అప్పటి నుంచి ముందుగా బోర్డు మీద రాసి, సుద్దముక్క పక్కన పెట్టి, పిల్లల వైపు తిరిగి చెప్పడం అలవాటు చేసుకున్నాను. మొదట్లో ఒక్క స్వప్ననే చూసేదాన్ని. అప్పుడు భయం వేసేది కాదు. ఏడాది చివరికి నా గొంతు వెనక బెంచీ దాకా వెళ్లింది. స్వప్న చేయెత్తి జవాబులు చెప్పసాగింది.

ఆ వేసవిలో వాళ్ల నాన్నకు భివండీలో పని దొరికింది. అక్కడ ఏ బడిలో చేరాలో వాళ్లకింకా తెలియదు. వెళ్లొస్తానని చెప్పడానికి వచ్చిన స్వప్న, నా కొంగు పట్టుకుని నన్ను తన వైపు తిప్పుకుంది.

"టీచర్, అక్కడి టీచర్‌కు గూడ జర చెప్పుండ్రి, నా దిక్కు తిరిగి చెప్పుమని."